హైఫా దినము - హైదరాబాదు లాన్సర్లు

దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్బీ నగర్ కూడలి దాకా విజయవాడ రహదారి వెంబడి నడచిన వారికి, కోచింగు కేంద్రముల ప్రకటనల నడుమ అప్పుడప్పుడు మఱొక తరహా ప్రకటన కంటబడును. పరిశుద్ధ దేశ యాత్ర, పది దినములు, జోర్డాను, ఇజ్రాయేలు, ఈజిప్టు మూడు దేశములు, బస భోజనము వీసా అన్నియు కలిపి ఇంత అని. తెలుగు జిల్లాల నుండి ఇట్టి బృందములు ఏటేట వెళ్ళుచునే వచ్చినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజులలో ప్రభుత్వము కూడ ఈ యాత్రికులకు కొంత ధనసహాయము చేయు పద్ధతి ఏర్పడినది. 2023 అక్టోబరులో గాజా యుద్ధము మొదలైన పిమ్మట ఈ యాత్రలకు అంతరాయము కలిగినది గాని, ఆ కోరిక మాత్రము మన ఇండ్లలో చల్లారలేదు.

ఈ బృందములు సాధారణముగా అమ్మాను పట్టణమున విమానము దిగి, నెబో కొండ చూచి, యొర్దాను దాటి, గలిలయకు, నజరేతుకు, కర్మెలు కొండకు, యెరూషలేమునకు పోయి, ఎఱ్ఱ సముద్రపు కొనను ఈజిప్టులో ప్రవేశించి, సీనాయి ఎడారి మీదుగా కైరో చేరి, పిరమిడ్లు చూచి ఇంటిదారి పట్టుదురు. ఇదే దారిన, అయితే చివరినుండి మొదటికి, కైరో వైపునుండి కర్మెలు వైపునకు, నూరేండ్లకు పూర్వము ఒక హైదరాబాదు బృందము ప్రయాణము చేసినది. ఆ ప్రయాణమునకు నాలుగు సంవత్సరములు పట్టినది. వారు గుఱ్ఱముల మీద పోయినారు. పోయినవారందఱును తిరిగి రాలేదు. ఇక్కడ మేము చెప్పదలచినది ఆ రౌతులను గూర్చి. ముఖ్యముగా, ఏటేట సెప్టెంబరు 23వ తేదీన హైఫా నగరమున జరుగు స్మారక దినములో వారి పాలు ఎంత అను ప్రశ్నను గూర్చి.

మాసాబ్ ట్యాంకు ప్రక్కన 'ఫస్ట్ లాన్సర్' అను పేట ఉన్నది. ఆ పేరు చెప్పి టిక్కెట్టు తీసికొనువారిలో దాని అర్థము తెలిసినవారు తక్కువ. లాన్సు అనగా బల్లెము, లాన్సరు అనగా బల్లెము పట్టిన రౌతు. 19వ శతాబ్దము చివర బ్రిటిషు ప్రభుత్వము స్వదేశ సంస్థానములను 'ఇంపీరియల్ సర్వీస్' దళములు పోషింపుడని ప్రోత్సహించినది. ఖర్చు సంస్థానముది, శిక్షణపై పర్యవేక్షణ దొరలది. యుద్ధము వచ్చినపుడు సేవ సామ్రాజ్యమునకు. అట్లు హైదరాబాదు వంతుగా ఏర్పడిన అశ్వికదళమే ఈ లాన్సర్ల పటాలము. ఇందులో అధికసంఖ్యాకులు దక్కను ముస్లిములు. తెలుగు పేర్లకొఱకు వెదకువారికి అవి ఇక్కడ కంటె మద్రాసు సాపర్ల పట్టికలలో ఎక్కువగా దొరకును. అయినను మన నగరమున కాపురముండి, మన నగరమునుండి బయలుదేరినవారిని మనవారు గారనుట మాకు ఇష్టము లేదు.

1914 ఆగస్టులో యుద్ధము వచ్చునప్పటికి ఉస్మాన్ అలీ ఖాన్ గద్దె ఎక్కి మూడేండ్లు. లాన్సర్ల పటాలమునకును, తాను గౌరవ కర్నలుగా ఉన్న 20వ డెక్కన్ హార్స్ పటాలమునకును అగు వ్యయము క్రింద ఆయన 60 లక్షల రూపాయలు ఇచ్చినాడు. ఆ తరువాత విమానములు కూడ ఇచ్చినాడు. బ్రిటిషు వాయుసేనలోని 110వ స్క్వాడ్రనుకు 'హైదరాబాదు' అను పేరు అంటినది ఆ దానము వలననే. యుద్ధము ముగియు వేళకు ఆయనకు 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' బిరుదు వచ్చినది. ప్రభువు లెక్క అంతటితో సరిపోయినది. రౌతు లెక్క వేఱు. 1914 నవంబరులో తుర్కీ సుల్తాను, ముస్లిము లోకమునకు ఖలీఫా అయినవాడు, ఇంగ్లండు పక్షముపై ధర్మయుద్ధము ప్రకటించినాడు. నిజాము తన ప్రజలను, దేశములోని ముస్లిములను బ్రిటిషువారికి విశ్వాసముతో ఉండుడని కోరుచు ప్రకటన వెలువరించినాడు. ఒక ప్రక్క శుక్రవారపు ప్రార్థనలో పేరు తలచు ఖలీఫా, మఱొక ప్రక్క ఉప్పు తిన్న ప్రభువు. ఈ రెంటి నడుమ గుఱ్ఱముపై కూర్చున్నవాని మనస్సు ఎట్లుండెనో ఏ సైనిక నివేదికయు వ్రాయదు.

1914 చివరకు లాన్సర్లు ఈజిప్టు చేరి సూయజ్ కాలువ రక్షణలో నిలిచినారు. మైసూరు మొదలగు సంస్థానముల రౌతులు కూడ అదే బ్రిగేడులో చేరినారు. 1915 ఫిబ్రవరిలో తుర్కీ సేన సీనాయి ఎడారి దాటి వచ్చి కాలువపై పడి, ఓడి వెనుదిరిగినది. ఆ పిమ్మట చాలకాలము ఇసుకలో పహరా తప్ప చెప్పుకొనదగిన ఘట్టము లేదు. సైనికచరిత్రలు ఇట్టి నెలలను ఒక పంక్తిలో దాటివేయుట వాడుక. గుఱ్ఱమునకు నీరెక్కడ, మనిషికి నీడ ఎక్కడ అని వెదకుటతోనే ఆ నెలలు గడచినవి. 1916లో బ్రిటిషువారు ఎడారిపై రైలుపట్టాలు పఱచుచు, నైలు నది నీటిని గొట్టములలో వెంట తీసికొనిపోవుచు, అడుగడుగుగా తూర్పునకు జరిగినారు. ఇప్పుడు మన యాత్రికుల బస్సు అర్ధదినములో దాటు నేల అది.

1917 నవంబరు 7వ తేదీన గాజా పడినది. ఆ నాడే అశ్వికులు శిథిలమైన ఊరి నడుమనుండి ఉత్తరముగా తరిమినారు. బేత్ హానూను అను పల్లెకు పడమటనున్న మిట్టను హైదరాబాదు లాన్సర్లు పట్టుకొన్నారు. ఆ పల్లె పేరు ఈ కాలపు వార్తలలో మఱొక దుఃఖముతో ముడివడి మనకు వినబడుచున్నది. హైదరాబాదు పటాలమునకు తనదియని చెప్పుకొనదగిన తేదీ ఒకటి ఉన్నదనిన, మా దృష్టిలో అది ఈ నవంబరు 7. దానిని ఎవరును పండుగగా జరుపరు.

మఱుసటి వేసవి మఱింత కఠినమైనది. 1918లో ఈ బ్రిగేడును యొర్దాను లోయలో నిలిపినారు. యెరికో చుట్టుప్రక్కల నేల సముద్రమట్టమునకు 250 మీటర్లు లోతున ఉన్నది. మృత సముద్రపు ఒడ్డు అంతకంటెను లోతు. మన యాత్రికులు అక్కడ ఉప్పునీటిపై వెల్లకిల తేలి ఫొటోలు తీయించుకొందురు, నదిలో మునిగి సీసాలలో నీరు పట్టుకొందురు. ఒక పూట ఉండి ఎండకు తాళలేక చల్లని బస్సెక్కుదురు. ఆ లోయలోనే వేలమంది సైనికులు జూను, జూలై, ఆగస్టు నెలలు గుడారములలో గడపినారు. మోకాలిలోతు ధూళి, దోమలు, మలేరియా. తుపాకికంటె జ్వరమునకు ఒఱగినవారే ఎక్కువ.

ఇక హైఫా సంగతి. కర్మెలు కొండయు, కీషోను వాగును తెలుగు బైబిలు చదువు ఇండ్లలో తెలియని పేర్లు గావు. ఏలీయా ప్రవక్త బలిపీఠము కట్టిన కొండ అది. సీసెరా సేన కొట్టుకొనిపోయిన వాగు ఇది. ఈ రెంటి నడుమ ఇఱుకైన నేల మీదుగా హైఫా ఊరిలోనికి దారి. 1918 సెప్టెంబరు 19న జనరల్ ఆలెన్‌బీ ఆరంభించిన పెద్ద ముట్టడిలో తుర్కీ సేనలు చెదరినవి. హైఫా ఖాళీ అయినదని విమానములవారు తెచ్చిన వార్త నమ్మి, 22న కవచపు కార్లతో కొందఱు పోగా, కొండమీది ఫిరంగులు వారిని త్రిప్పికొట్టినవి. మఱునాడు ఆ పని సంస్థానపు రౌతుల బ్రిగేడునకు వచ్చినది. మైసూరు లాన్సర్లలో ఒక భాగము నిటారైన కాలిబాటన కర్మెలు నెక్కి పైనున్న ఫిరంగుల మీదికి పోయినది. మధ్యాహ్నము 2 గంటలకు జోధ్‌పురు లాన్సర్లు క్రిందినుండి దౌడు తీసినారు. కీషోను ఒడ్డున ఊబి ఎదురైనది. గుఱ్ఱములను ఎడమకు మళ్ళించి, కొండ పాదమున నున్న మరతుపాకుల మీదనే పడి, వాటిని అణచి, ఊరి వీథులలోనికి దూసికొనిపోయినారు. బల్లెములు పట్టిన రౌతులు మరతుపాకులు కాపున్న పట్టణమును పట్టుకొన్నారు. 1,350 మంది ఖైదీలు, 17 ఫిరంగులు, 11 మరతుపాకులు చేజిక్కినవి. మనవైపున 8 మంది మరణించినారు, 34 మంది గాయపడినారు, 60 గుఱ్ఱములు కూలినవి. మరణించినవారిలో జోధ్‌పురు దళనాయకుడు మేజర్ దళపత్ సింగ్ ఒకడు.

ఆ మధ్యాహ్నము హైదరాబాదు లాన్సర్లు ఎక్కడ ఉన్నారు? ఖైదీల వెంట ఉన్నారు. ఆ నాలుగైదు దినములలోనే శత్రుసైనికులు వేలకు వేలు పట్టుబడినారు. ఆ దండయాత్ర ముగియునప్పటికి సంఖ్య 75,000 దాకా పోయినది. ఆకలితో, దాహముతో, జ్వరముతో తూలుచున్న ఆ మనుష్యులను వరుసలు కట్టించి, నీళ్ళున్న చోటికి నడిపించి, వెనుకనున్న స్థావరములకు అప్పగించు పని హైదరాబాదు పటాలమునకు పడినది. కనుక హైఫా దౌడులో వారు లేరు. ఈ సంగతి స్పష్టముగా చెప్పక తప్పదు. ఏలయన, హైఫాను మూడు సంస్థానముల రౌతులు కలిసి గెలిచినారని ఉపన్యాసములలోను పత్రికలలోను తఱచుగా వినబడుచున్నది. ఆ మాట హైదరాబాదులో మన చెవులకు ఇంపుగానే ఉండును గూడ.

వారు లేకపోవుటకు కారణము మతమని కొందఱు వ్రాసినారు. ముస్లిములు గనుక ఖలీఫా సేనపైకి పంపుటకు దొరలు జంకినారట. ఈ వాదము వినుటకు బాగున్నది గాని, మేము దీనిని పూర్తిగా ఒప్పుకొనజాలము. 1915లో కాలువ గట్టున, 1917లో బేత్ హానూను మిట్టపై ఈ పటాలము నిలిచినది అదే ఖలీఫా సేనకు ఎదురుగా గదా! మైసూరు, జోధ్‌పురు దళములలోను ముస్లిములు ఉండిరి. వారిని ఎవరును వేఱుచేయలేదు. బ్రిగేడులో మూడు పటాలములున్నపుడు ఒకదానిని ఖైదీల కాపలాకు విడుచుట సైన్యములలో నిత్యకృత్యము. ఏ పటాలమునకు ఆ పని వచ్చునో దానికి ఆ దినపు కీర్తి రాదు, అంతే.

కీర్తి వచ్చిన విధము కూడ గమనింపదగినది. 1922లో న్యూఢిల్లీలో నిలిపిన స్మారకములో మూడు కంచు విగ్రహములున్నవి. లియొనార్డ్ జెన్నింగ్స్ అను శిల్పి చేసినవి. ఒకటి హైదరాబాదు రౌతు, ఒకటి మైసూరు రౌతు, ఒకటి జోధ్‌పురు రౌతు. తీన్ మూర్తి అను పేరు ఆ మూటిని బట్టియే వచ్చినది. నెహ్రూ నివసించిన భవనమునకు కూడ ఆ పేరే స్థిరపడినది. శాసనములో చెప్పినది సీనాయి, పాలస్తీనా, సిరియా దేశములలో 1914 నుండి 1919 వరకు మరణించిన బ్రిగేడు వారిని గూర్చి. హైఫా ఒక్కదానిని గూర్చి గాదు. 2018 జనవరిలో ఆ కూడలికి 'తీన్ మూర్తి హైఫా చౌక్' అని పేరు మార్చినపుడు, నాలుగేండ్ల కథ ఒక మధ్యాహ్నమునకు కుదించినట్లయినదని మాకు తోచినది. పేరు మార్చినవారి ఉద్దేశము గౌరవించుటయే. అందులో సందేహము లేదు. అయినను, ఆ కంచు వరుసలో నిలిచిన హైదరాబాదు రౌతునకు తాను చేయని దౌడు దక్కినది, తాను చేసిన కాపలా, పహరా, బేత్ హానూను మిట్ట దక్కలేదు.

విదేశమున మరణించిన సైనికుని ప్రజలు ఎట్లు జ్ఞాపకముంచుకొందురో చూచుటకు దిల్‌సుఖ్‌నగర్ వాసులు దూరము పోనక్కరలేదు. మెట్రో రైలులో ఒక్క స్టేషను వెనుకకు వచ్చిన మూసారాంబాగ్. ఆ ప్రాంతపు మిట్టపై ఒక నల్లరాతి స్తంభము గల గోరీ ఉన్నది. ఫ్రాన్సు దేశమునుండి వచ్చి, నిజాము అలీ ఖాన్ కొలువులో 1786లో చేరి, ఫిరంగులు పోతపోయించి, పదునాలుగు వేల సైన్యమునకు నాయకుడై, 1798 మార్చి 25న మరణించిన రేమండ్ అక్కడ ఉన్నాడు. అదే సంవత్సరము అక్టోబరులో ఇంగ్లీషువారు ఆయన సైన్యమును నిరాయుధము చేసి రద్దు చేసినారు. సైన్యము పోయినది గాని గోరీ దగ్గఱకు జనము వచ్చుట మానలేదు. ముస్లిములు మూసా రహీమ్ అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు, మరణదినమున ఉర్సు చేసినారు. ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆ దినమున గోరీకి చుట్టల పెట్టెయు ఒక సీసా బీరును పంపించెడివాడని చెప్పుదురు. మన జనము రేమండ్ పేరు తప్పు పలికినారు గాని మనిషిని మఱచిపోలేదు. హైఫా విషయమున పేరు సరిగానే పలుకుచున్నాము.

హైఫాలోని భారతీయ సైనికుల శ్మశానము జాఫా వీథి వైపున, కొండ దిగువను, చిన్న ఆవరణము. కొన్ని సంవత్సరములుగా సెప్టెంబరు 23న భారత రాయబార కార్యాలయమువారును, హైఫా నగరపాలకులును అక్కడ పుష్పగుచ్ఛములుంచి వందనము చేయుచున్నారు. 2017 జూలై 6న ప్రధాని నరేంద్ర మోదీ ఇజ్రాయేలు ప్రధానితో కలిసి వచ్చి దళపత్ సింగ్ పేర ఫలకమును ఆవిష్కరించినారు. 2018లో నూరేండ్లు నిండిన సందర్భమున 61వ అశ్వికదళము వారు కూడ పోయి పాల్గొన్నారు. జోధ్‌పురు, మైసూరు రౌతుల వారసత్వము భారత సైన్యమున ఆ దళమునకు చెందినది. హైదరాబాదు సైన్యము 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత రద్దయినది గనుక లాన్సర్లకు అట్టి వారసుడు మిగులలేదు.

యాత్రాబృందములు హైఫాలో చూచునది సాధారణముగా పైభాగము. కర్మెలు శిఖరమున స్టెల్లా మారిస్ మఠము, ఏలీయా గుహ, బహాయి మతమువారి బంగారు గుమ్మటము, దాని చుట్టు మెట్లు మెట్లుగా దిగు తోటలు. 2001లో ఈ తోటల మెట్లను ప్రజలకు తెఱచినారు. 2008లో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చినారు. పైనుండి చూచిన, రేవు, ఓడలు, వంపు తిరిగిన తీరము, తూర్పుగా కీషోను లోయ అన్నియు ఒక్క చూపులో ఒదుగును. అక్కడ నిలిచి 1918 నాటి దారిని వేలితో చూపవచ్చును: అదిగో ఊబి, ఇదిగో రౌతులు ఎడమకు తిరిగిన చోటు. మార్గదర్శి తోటలోని పూలను గూర్చి చెప్పును. ఈ మాట అడిగినగాని చెప్పడు. అడుగవలెనని, అడిగి శ్మశానమునకు ఒక అరగంట కేటాయింపుమని కోరవలెనని మా సూచన. అక్కడ దళపత్ సింగ్‌కును, ఆయన తోడివారికిని నమస్కరించునపుడు, వారిని జోధ్‌పురువారనియే తలచి నమస్కరించుట మంచిది. హైదరాబాదు లాన్సరును తలచుకొనవలెనన్న అందుకు తగిన చోటు యొర్దాను లోయ. యాత్రలో ఆ లోయ ఎటులైనను వచ్చును.

ఇక చివరి మజిలీ ఈజిప్టు. సీనాయి దాటిన బస్సు అహ్మద్ హమ్దీ సొరంగములో దిగి, సూయజ్ కాలువ క్రిందుగా ఆవలి గట్టునకు చేరును. ఓడలు నెత్తిమీద పోవుచుండగా లోపల కూర్చున్నవారికి ఏమియు తెలియదు. ఆ కాలువ దక్షిణపు కొసను, పోర్ట్ తౌఫీక్ అను చోట, 1926లో ఒక స్మారకము కట్టినారు. ఈజిప్టు, పాలస్తీనా దండయాత్రలలో మరణించి, సమాధి గుర్తు తెలియని భారతీయ సైనికుల పేర్లు, దాదాపు 4,000, దానిపై చెక్కినారు. రెండు ప్రక్కల రెండు రాతి పులులను కూర్చుండబెట్టినారు. దహనము జరిగిన హిందువుల కును, ఎడారిలో పూడ్చిన ముస్లిములకును అదే గోరీ, అదే చితి. నలువది ఏండ్లకు పైగా ఓడలలో పోవు భారతీయులు ఆ పులులను చూచుచు పోయినారు. 1967లో ఇజ్రాయేలునకు ఈజిప్టునకు యుద్ధము వచ్చినది, 1973లో మరల వచ్చినది. ఆ గట్టుకు ఈ గట్టుకు నడుమ సాగిన ఫిరంగి కాల్పులలో స్మారకము దెబ్బతిని, తుదకు కూల్చివేయవలసి వచ్చినది. పులులును పోయినవి.

1980 అక్టోబరులో కైరో నగరపు హెలియోపొలిస్ యుద్ధ శ్మశానమున దానికి బదులు క్రొత్త స్మారకము వెలసినది. ఆవిష్కరించినది భారత రాయబారి. ఆ శ్మశానము విమానాశ్రయమునకు దూరము గాదు. పిరమిడ్లు చూచి, పపైరసు చిత్రములు కొని, సామాను సర్దుకొని, రాత్రి విమానమునకై ముందుగా బయలుదేరు బృందములు ప్రొద్దుండగానే అక్కడ ఆగవచ్చును. పచ్చగడ్డి నడుమ తెల్లరాళ్ళు వరుసలుగా ఉండును. పోర్ట్ తౌఫీక్ కోల్పోయిన పేర్లను తలపించు ఫలకములు ప్రవేశద్వారము దాపున కనబడును.